కింది వాటాకి మామిడి షర్బత్

ఉదయం పదింటికి శ్యామల రెండు పచ్చి మామిడికాయలను కరెంటు పొయ్యి మీద నేరుగా పెట్టింది. తొక్క నల్లబడేదాకా కాలితేనే షర్బత్‌కి ఆ కమ్మని వాసన పడుతుందని ఆమె నమ్మకం. కాయ చిట్లి రసం కారింది. పొగ లేచింది. మరుక్షణం ఇల్లంతా అలారం మోత.

పై గదిలో ఆఫీసు మీటింగులో ఉన్న కొడుకు కిరీటి పరుగున దిగివచ్చాడు. కోడలు సాత్విక అప్పటికే కుర్చీ ఎక్కి అలారం దగ్గర టవలు విసురుతోంది.

"అమ్మా, ఫైర్ ఇంజను పిలవమంటావా అని మా మేనేజర్ అడుగుతున్నాడు."

"పిలవమను. వాళ్లకీ తలా గ్లాసు పోస్తాను."

సాత్విక నవ్వు ఆపుకుంది. కిరీటి నవ్వలేదు. "మళ్లీ బేస్‌మెంట్ వాళ్లకేనా?"

వాళ్లకే. దేశంకాని దేశంలో, ఆ మార్కమ్ ఊళ్లో ఆ ఏడు గది దొరకడమే గగనంగా ఉంది. కిరీటి ఇంటి కింద బేస్‌మెంట్‌లో ముగ్గురు కాలేజీ అమ్మాయిలు అద్దెకుంటున్నారు. అక్కడ పొయ్యి లేదు, మైక్రోవేవ్ ఒక్కటే. వంటింట్లోంచి కిందికి దిగే తలుపుకి ఎప్పుడూ గడియ. వేసవి మొదట్లో ఒక సాయంత్రం, వాళ్లలో తేజశ్రీ అనే పిల్ల గోదాములో షిఫ్టు ముగించుకొచ్చి, వాళ్లు వచ్చిపోయే పక్కవాకిలి మెట్ల మీద కూర్చునే నిద్రపోవడం శ్యామల చూసింది. చేతిలో ఎనర్జీ డ్రింకు డబ్బా. చెత్తబుట్టలోనూ అవే డబ్బాలు. మర్నాటి నుంచి పుచ్చకాయ రసమో, నల్లద్రాక్ష ఉడికించి తీసిన రసమో, సబ్జా గింజలు వేసిన నిమ్మ షర్బతో కిందికి వెళుతూనే ఉంది.

"ఇవాళ జ్యూస్ అంటావు. రేపు వాళ్లు వంటిల్లే అడుగుతారు. నా ఇంట్లో నా రూల్స్ ఉన్నాయమ్మా. ఆ గడియకి ఇవాళే తాళం వేస్తాను."

"ఇల్లు నీదే. చేతులు నావి." శ్యామల పొయ్యి కట్టేసింది. "నువ్వు ఈ దేశమొచ్చి చదువుకునేటప్పుడు, మీ ఇంటి ఓనరు శకుంతల ఆంటీ రోజూ పళ్లరసం చేసిచ్చేదన్నావే. ఆమె ఏ తాళం వేసిందిరా నీకు?"

కిరీటి ముఖం పాలిపోయింది. గబగబా మెట్లెక్కి మీటింగుకి వెళ్లిపోయాడు.

శ్యామల మిక్సీ చంకన పెట్టుకుంది. సరిగ్గా కాలని మామిడికాయలు, బెల్లం, వేయించిన జీలకర్ర సంచిలో వేసుకుంది. గడియ తీసింది.

"అత్తయ్యా, ఎక్కడికి?"

"తాళం వేస్తానన్నాడుగా. ఆ వేసేదేదో నేను కింద ఉండగానే వేయమను."

మధ్యాహ్నం దాటాక కింద మిక్సీ మోత వినిపించింది. సాత్విక ఖాళీ గ్లాసు పట్టుకుని భర్త గదిలోకి తొంగిచూసింది. "నేను కింద తాగొస్తాను. తాళం మాత్రం వేయకండి, మళ్లీ పైకి రావాలి."

సాయంత్రం కిరీటి కూడా దిగాడు. అద్దెకిచ్చాక అతను అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు. తల తగిలేంత ఎత్తులోనే కప్పు. గోడవారగా మూడు పరుపులు. ఒకదాని మీద తన తల్లి, చుట్టూ ఆ పిల్లలు. అతన్ని చూసి తేజశ్రీ గబుక్కున లేచింది. "అమ్మమ్మ తానే వచ్చింది అంకుల్. మేం పిలవలే."

"కూర్చో తల్లీ. నిన్నేమనడు," అంది శ్యామల.

కిరీటి తల దించుకున్నాడు. "అమ్మా... శకుంతల ఆంటీ అని అసలు..."

"లేదు. నాకు అప్పుడే తెలుసు."

అతను తలెత్తాడు.

"బొప్పాయి రసం ఇచ్చింది, తాగాను అన్నావొకసారి ఫోన్లో. బొప్పాయి వాసనకే ముక్కు మూసుకుని పారిపోయేవాడివి నువ్వు. నేను బెంగపడతానని ఒక మనిషినే పుట్టించావు. లేదని తెలిసి కూడా రోజూ ఆమెకి దండం పెట్టుకున్నాను. నా పిల్లాడికి ఎవరో ఒకరు ఉండాలి కదరా."

కిరీటి పరుపు అంచున కూలబడ్డాడు. ఆ రోజుల్లో తనదీ ఇలాంటి గదే. ఇలాంటి డబ్బాలే. కళ్లు తుడుచుకోబోతే తేజశ్రీ గ్లాసు చేతిలో పెట్టింది. ఒక గుక్క తాగి ఆగాడు.

"కాల్చిన వాసన లేదమ్మా."

"మైక్రోవేవ్‌లో ఏం వాసనొస్తుంది? పొయ్యి పైనుందిగా."

కిరీటి గ్లాసు ఖాళీ చేశాడు. "గడియ తీసే ఉంటుందిలే. రేపట్నుంచి కాయలు పెరట్లో డెక్ మీద బార్బెక్యూ గ్రిల్‌లో కాల్చు. అలారం మోగదు."

"నేను కాల్చడమేంటి?" శ్యామల అతని గ్లాసు మళ్లీ నింపింది. "నువ్వు కాలుస్తావు. అందరికీ కలిపి ఐదు కాయలు. నల్లగా."