దిరిసెన బెరడు

శామీర్‌పేట చెరువు దిగువన కొత్తగా లేచిన కాలనీలో వీరేందర్ ఇల్లు కట్టుకున్నాడు. అంతా బాగానే కుదిరింది కానీ, సింహద్వారానికి సరిగ్గా ఎదురుగా, రోడ్డు వారన ఒక దిరిసెన చెట్టు. దాని కింద సత్తమ్మ అనే ముసలామె చేపలు అమ్మేది. పొద్దున్నే గంప దించి, తడి గోనె కప్పి, మధ్యాహ్నం దాకా ఆ నీడనే కూర్చునేది.

వాకిటికి అడ్డంగా చెట్టు, చెట్టు కింద నీచు వాసన. వీరేందర్‌కు సహించలేదు. ఎవరూ చూడకుండా చెట్టు మొదట్లో బెజ్జాలు తొలిచి విషపు మందు పోశాడు. ఎండలు ముదిరేసరికి ఆకంతా రాలిపోయింది.

"నీడ పాయె బిడ్డా. ఇగ నేనేడ కూసోవాలె?" అని అడిగింది సత్తమ్మ. ఆమె చూపు ఆ బెజ్జాల మీదే ఉంది.

"నన్నడుగుతవేంది? మేడ్చల్ మార్కెట్ల కూసో పో" అన్నాడు.

ఆమె పోలేదు. మోడు కిందే, నెత్తిన కొంగు వేసుకుని కూర్చుంది. ఒక మిట్టమధ్యాహ్నం వడదెబ్బ తగిలి, బెరడుకు వీపు ఆన్చి, కూర్చున్నది కూర్చున్నట్టే ప్రాణం వదిలింది.

వానలు పడ్డాక మోడు కొట్టించడానికి వీరేందర్ చెట్లు కొట్టే లింగాన్ని పిలిచాడు. మబ్బు పట్టిన సాయంత్రం. గొడ్డలి పడగానే తలుపంత పెచ్చు ఊడింది. పులిసిన కల్లు వాసన గుప్పుమంది. ఆ వెనకే నీచు వాసన.

పెచ్చు ఊడిన చోట పురుగులు. ఇటుక రంగువి. రాయి పెట్టి నొక్కినట్టు అణిగిన ఒళ్ళు. తలా, రొమ్మూ, రెక్కల మీది పెంకూ ఒకే మట్టంలో, అట్టముక్కంత పలచగా. పూసలు గుచ్చినట్టున్న మీసాలు. గోరు దూరని సందులోకి జారిపోతున్నాయి. నడుమ నడుమ, తోక కొసన రెండు ముళ్ళతో పాలిపోయిన పిల్లపురుగులు. పచ్చగా బతికే చెట్టును ఇవి ముట్టవు. ప్రాణం పోయి, బెరడు వదులైతేనే చేరతాయి.

వంగి చూసిన లింగం చేతిలోంచి గొడ్డలి జారింది. పురుగులు చెట్టంతా లేవు. ఒక ఆకారంలోనే గుమిగూడాయి. మోకాళ్ళు ముడుచుకుని, తల పక్కకు వాల్చి... కూర్చున్న ముసలామె.

"నాతోని గాదన్నా" అని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

వీరేందర్‌కు పౌరుషం వచ్చింది. మిగిలిన బెరడు తానే పీకుదామని సందులో చెయ్యి పెట్టాడు. లోపల చల్లగా... తడిగా... చెయ్యి వెనక్కి రాలేదు.

బెరడు లోపలి నుంచి గుసగుస.

"జర జరుగు బిడ్డా..."

బలమంతా పెట్టి లాక్కుని ఇంట్లోకి ఉరికాడు. భార్య సరళ చెయ్యి కడిగి చూసింది. ఎక్కడా గాయం లేదు. కానీ చర్మం కింద ఏదో కదిలింది. చింతగింజంత. ఇంకొకటి... మోచేయి దాటి పైకి...

డాక్టర్ స్కానింగ్ చేయించాడు. ఏమీ లేదు, ఒట్టి భయమన్నాడు.

ఎండలోకి పోతే మాత్రం ఒళ్ళంతా ఒక్కసారిగా కదిలేది. నీడకొస్తే సద్దుమణిగేది. వీరేందర్ కిటికీలకు దుప్పట్లు కట్టించుకుని లోపలి గదిలోనే కూర్చుండిపోయాడు. తిండి తగ్గింది. మాట తగ్గింది. చర్మం వదులై, పట్టుకుంటే జారసాగింది.

"సరళా... నేను బతికే ఉన్ననా?"

"గట్ల మాట్లాడకు" అంటూ ఆమె అతని గుండె మీద చెయ్యి వేసింది. కొట్టుకోవడం లేదు. లోపల ఎవరో సన్నగా గీకుతున్నారు.

ఒక మధ్యాహ్నం ఆమె అన్నం పళ్ళెంతో ఆ గది వైపు పోతుంటే గేటు చప్పుడైంది. ముగ్గురు ముసలమ్మలు, ఎన్నడూ చూడని ముఖాలు. నెత్తి మీది ఖాళీ గంపల నుంచి చెరువు నీళ్ళు కారుతున్నాయి.

"ఎవరు గావాలె అవ్వా?"

ముందున్నామె చీకటి గది వైపు తల తిప్పింది.

"సత్తవ్వ రమ్మన్నది. లోపల ఇంకా జాగ ఉన్నదట."