కేబిన్ నేల కింద ఏడుపు

కెనడాలో, ఉత్తర బ్రిటిష్ కొలంబియాలో, రోడ్డు ఆగిపోయే చోటు దాటి ఇంకా లోపలికి వెళ్తే ఒక పాడుబడ్డ చెక్క కేబిన్ ఉందట. వేటగాడి పెళ్ళాం అక్కడే పురిట్లో పోయిందనీ, ఏటా మార్చిలో నేల కింద పసిబిడ్డ ఏడుస్తుందనీ చెప్పుకుంటారు. మంచు మీద స్నోమొబైల్ బళ్ళు తోలే మొనగాళ్ళు కూడా ఆ ఛాయలకు పోరు.

చరితకి అన్నీ చెప్పారు. వింటే కదా! కాకినాడ పిల్ల, మొండిఘటం. చదువేమో వుల్వరీన్‌ల మీద — కుక్కంత జంతువు, ఎలుగు పోలిక, తోడేళ్ళనైనా ఎదిరించే పొగరు. రోడ్డు వేసే కంపెనీవాళ్ళు కేబిన్ ఉన్న ఆ లోయలో అవి లేనేలేవని రాసిచ్చారు. శుక్రవారంలోగా ఒక్కదాన్నైనా చూపించకపోతే బుల్‌డోజర్లు దిగుతాయి. ఆమె పెట్టిన కెమెరాల్లో ఇంతవరకూ ఒక్కటీ పడలేదు.

బుధవారం చీకటిపడే వేళ స్నోమొబైల్ మొరాయించింది. ఎదురుగా... అదే కేబిన్.

"అక్కా, లోపలికి వద్దు ప్లీజ్. బయటే ఫైర్ వేసుకుందాం," అని గొణిగాడు ఆమె జూనియర్ తారక్.

"చలికి చస్తే మనమే దెయ్యాలమవుతాం. నడు."

లోపల ఒకటే కంపు. తలుపు నిండా గోళ్ళ గాట్లు. అందరూ కెమెరాల ముందు ఎరగా బీవర్ అనే ఏటి జంతువు మాంసం కడితే, ఈవిడ ఇంటి నుంచి తెప్పించిన ఎండుచేపలు కడుతుంది. ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అప్పుడు వినిపించింది... నేల కింద. సన్నగా, కీచుగా. ఒక గొంతు కాదు — రెండు.

తారక్ హనుమంతుణ్ణి తలుచుకున్నాడు. చరితా సంచిని గుండెకి హత్తుకుంది, అబద్ధమెందుకు.

తలుపు దడాలున తెరుచుకుంది. గడపలో రెండు కళ్ళు... గుండెలదిరేలా గుర్రుమన్న చప్పుడు...

"ఎవరైతే నాకేంటి! లోయని మాత్రం వదిలేది లేదు!" అంటూ చరిత టార్చి వేసింది.

రొమ్ము మీద పసుపుపచ్చ మచ్చ. తల్లి వుల్వరీన్! కింద ఏడుస్తున్నవి దాని కూనలు.

గట్టిగా పది కిలోలుండదు. అయినా ఒక్క అడుగు వెనక్కి వేయలేదు. చరితకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఒక్క ఫోటో తీసి, చేపల సంచి మెల్లగా దాని వైపు జరిపింది. అది నోట కరుచుకుని చెక్కల సందులోంచి నేల కిందికి దూరింది.

"లే తారక్. బాలింత ఇంట్లో మనకేం పని?"

తెల్లవార్లూ బయటే మంట ముందు కూర్చున్నారు. ఉదయం బండి బాగుచేసుకుని బయటపడ్డారు. శుక్రవారం ఫోటో అధికారుల బల్ల మీదికి చేరింది. రోడ్డు ఆగింది.

మరుసటి వారం పెట్రోల్ బంకు దగ్గర స్నోమొబైల్ కుర్రాళ్ళు ఆమెని చుట్టుముట్టారట. "ఆ కేబిన్‌కి వెళ్ళావటగా? దెయ్యం నిజంగా ఉందా?"

నలుగురూ అటు పోయి గోల చేస్తే ఆ తల్లి కూనల్ని నోట కరుచుకుని మంచులో వేరే చోటు వెతుక్కుంటూ పోవాల్సిందే. అది చరితకి తెలుసు.

కళ్ళార్పకుండా చెప్పింది. "ఉంది. నా కళ్ళతో చూశా. అటు అడుగుపెట్టినవాణ్ణి వదలదు."