సీలు పడిన గది

"ఈసారి ఏమీ దొంగిలించకు," అన్నాడు పెద్దాయన.

పిల్లికి తన చెవుల మీద తనకే అనుమానం వచ్చింది. ఏజెన్సీలో అడుగుల చప్పుడు వినపడని ఏజెంటు అతనొక్కడే. ఆ పేరు అందుకే వచ్చింది. ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు.

"మరెందుకు సార్ వెళ్లడం? ఊరు చూసి రావడానికా?"

"పోయినసారి నువ్వు తెచ్చిన డిస్క్ గుర్తుందా? దారిలో ఆగలేక తెరిచి చూశావు. తెరిచిన తేదీ అందులో పడింది. మీరే రాసి పెట్టుకున్నారని డిఫెన్స్ లాయరు నవ్వాడు. ఆ కేసులో ముఠా మొత్తం ఎంచక్కా ఇంటికి పోయింది."

పిల్లి గోడకేసి చూశాడు.

స్క్రీన్ మీద ఒక అమ్మాయి ఫోటో వచ్చింది. ఆస్పత్రిలో కంప్యూటర్ ఆపరేటర్. ఒక విదేశీ ముఠా ఆమె పాస్‌వర్డ్‌తో చొరబడి ఐసీయూ మెషీన్లు ఆపేసింది. రోగులు చనిపోయారు. నేరం ఆమె మీద పడింది. అసలు లాగిన్ అయిందెవరో చెప్పే లాగ్ పరాయి దేశంలో, ఒక సర్వర్లో ఉంది. దాన్ని ఇమ్మని పంపిన అధికారిక అభ్యర్థన ఏదో ఆఫీసులో స్టాంపు కోసం పడి ఉంది. ఈలోగా ముఠా ఆ సర్వర్‌ని తుడిచేయబోతోంది.

"వాళ్లమ్మ రోజూ మన మెట్ల మీదే కూర్చుంటోంది. నేను కనపడితే చాలు, లేచి నిలబడుతుంది," అన్నాడు పెద్దాయన. "స్టాంపు పడేదాకా ఆ లాగ్ ఉన్నచోటే ఉండాలి. ఎలాగో నీ ఇష్టం. దొరికితే మాత్రం నువ్వెవరో మాకు తెలీదు."

డేటా సెంటర్‌లోకి పిల్లి ఏసీ మెకానిక్ వేషంలో దిగాడు. చేతిలో స్పానర్ల పెట్టె, కళ్లద్దాల ఫ్రేములో కెమెరా. నేల కింద పెద్ద గది, బీరువాల్లా వరసగా సర్వర్లు, ఎముకలు కొరికే చలి. ఎర్ర కోటు, ఎత్తు మడమల చెప్పులు వేసుకున్న ఒకావిడ ఎదురొచ్చింది.

"దుప్పటి తెచ్చుకున్నారా?"

"ఉతకడానికి వేశాను."

కోడ్ కలిసింది. ఆవిడ నెమలి. జీతం ముఠాది, కబుర్లు మనకి.

"మా బాస్ దిగుతున్నాడు. ఆయన కళ్లముందే నేను తుడిచెయ్యాలి. కాపీ తీశాను, పట్టుకుపో." లిప్‌స్టిక్ గొట్టం అందించింది.

"ఇదెక్కడిదని జడ్జి గారడిగితే? అందమైన ఆవిడ లిప్‌స్టిక్‌లో పెట్టి ఇచ్చిందని చెప్పనా?"

"అందమైన ఆవిడ అన్నది నిజమే కదా!"

"అసలుని ఆపే దారి లేదా?"

"ఫైర్ అలారం మోగితే కరెంటు పోతుంది, గదికి సీలేస్తారు. ఊరికే మోగితే సాయంత్రానికి తెరుస్తారు. పోయినేడు ఎవడో కావాలని మోగించి దొరికాడు. వాడు మోగించిన పక్క గదికి, వాడి కేసు తేలేదాకా సీలు తియ్యరట."

"తేలిందా?"

"ఇంకా లేదు."

లిఫ్ట్ గంట మోగింది. పిల్లి ఏసీ వెనక్కి నక్కాడు. బాస్ వచ్చి, కానివ్వమన్నట్టు గడ్డం ఎగరేశాడు. నెమలి వేలు కీ మీదికి దిగుతోంది. ఇంకో క్షణమైతే అంతా తుడిచిపెట్టుకుపోయేది. పిల్లి మోచేత్తో అలారం అద్దం పగలగొట్టాడు.

దీపాలు పోయాయి. సైరన్ కూసింది. బాస్ మెట్లవైపు పరుగు తీశాడు. చీకట్లో నెమలి పిల్లి చెయ్యి పట్టుకుంది.

"వెనక తలుపుంది, రా!"

"నువ్వెళ్లు. దీన్ని కూడా పట్టుకుపో." లిప్‌స్టిక్ తిరిగి ఇచ్చేశాడు. "ఇది నా జేబులో దొరికితే అసలుని కూడా కల్తీ అంటారు."

"నీకేమైనా పిచ్చా? దొరికిపోతావు!"

"దొరకాలిగా మరి."

గార్డులు దారి తప్పి పక్క గదులు వెతుకుతున్నారు. పిల్లి జీవితంలో మొదటిసారి బూట్లు నేలకేసి టపటపా కొడుతూ నడిచాడు.

చాలా కాలానికి జైల్లో అతన్ని చూడటానికి మనిషి వచ్చింది. ఎర్ర కోటు లేదు, నేత చీర.

"నీ చెల్లెలినని రాయించాను. నన్ను చూస్తే అక్కలా లేనుగా."

"లాగ్?"

"భద్రం. నీ కేసు తేలేదాకా ఆ గదిలోకి ఈగ కూడా పోదు."

"ఆ అమ్మాయి?"

"లోపలే ఉంది. వాయిదా మీద వాయిదా. వాళ్లమ్మ ఇంకా మెట్ల మీదే కూర్చుంటోందట."

పిల్లి తల వంచుకున్నాడు. నెమలి గొంతు తగ్గించింది.

"నువ్వెవరో తెలీదంటూనే మీ పెద్దాయన నిన్ను విడిపించమని అభ్యర్థన పంపాడు. నీకూ స్టాంపు పడాలట."

"ఎక్కడుందది?"

"మొదటిదాని కింద."