శ్రీనిధి వేసిన ఫ్లాష్ న్యూస్

టీవీలో తుఫాను తెల్లగా, గుండ్రంగా తిరుగుతోంది.

శ్రీనిధి దాన్ని రెప్ప వేయకుండా చూస్తోంది. ఆ సుడి సముద్రం మీది నుంచి కొంచెం కొంచెంగా ఒడ్డు వైపు జరుగుతోంది. "మధ్యాహ్నానికి బాపట్ల దగ్గర తీరం దాటే అవకాశం ఉంది!" అని టీవీలో ఒకాయన గట్టిగా చెబుతున్నాడు.

బాపట్ల ఎంతో దూరం కాదు. ఇక్కడ రేపల్లెలో బస్సెక్కితే టిఫిన్ అరిగేలోపు అక్కడ దిగుతారు.

కిటికీ తలుపు టపటపా కొట్టుకుంది. శ్రీనిధి ఉలిక్కిపడి లేచి గడియ పెట్టింది. బయట కొబ్బరి చెట్లు ఒక పక్కకి వంగిపోయి, మళ్ళీ లేస్తున్నాయి. నిన్నటి నుంచి బడికి సెలవు. తెనాలి రైలు కూడా ఆపేశారట.

"అమ్మా, నాన్న ఇంకా రాలేదేంటి?" అని అరిచింది.

"ఊరి చివర డ్రెయిన్ కాలువ వైపు ఎక్కడో కేబుల్ వైరు తెగి రోడ్డు మీద వేలాడుతోందంట. అది తీసేసి వస్తానన్నాడు కదా," అంది అమ్మ జయలక్ష్మి వంటింట్లోంచి. ఆ గొంతులో కూడా గుబులు ఉంది.

శ్రీనిధి వాళ్ళ ఇంటి ముందు గదే నాన్న కంట్రోల్ రూమ్. చుట్టుపక్కల ఏడెనిమిది వీధులకు కేబుల్ టీవీ ఆ గదిలోంచే వెళ్తుంది. నాన్న వినోద్ కుమార్‌కి సొంతంగా ఒక చిన్న చానెల్ కూడా ఉంది. అందులో గుడి ఉత్సవాలు, చర్చి పండుగలు, బడి వార్షికోత్సవాలు వేస్తాడు. కింద అక్షరాల వరుస ఒకటి కదులుతూ ఉంటుంది. దాన్ని స్క్రోలింగ్ అంటారు.

ఆరో తరగతికి వచ్చాక శ్రీనిధి స్క్రోలింగ్ టైపు చేయడం నేర్చుకుంది. "పుట్టినరోజు శుభాకాంక్షలు మాత్రం నువ్వు వేసుకో. మిగతావి నేను చూసుకుంటా," అన్నాడు నాన్న.

టేబుల్ మీద ఆమె ప్రాజెక్టు నోట్సు తెరిచి ఉంది. లిడియా మేడమ్ ఇచ్చిన ప్రాజెక్టు అది. 'ఈ ఏడాది మనమంతా కలిసి టీవీలో చూసినవి.' అయిదు రాయాలి. శ్రీనిధి నాలుగు రాసేసింది.

మార్చిలో ఒక తెలుగు పాటకి ఆస్కార్ రావడం. ఆ రోజు పొద్దున్నే నాన్న పళ్ళు తోముకుంటూ, నోట్లో నురగతోనే డాన్సు చేశాడు. ఆగస్టులో చంద్రయాన్ చంద్రుడి మీద దిగడం. అది బడిలో చూశారు. అందరూ ఊపిరి బిగపట్టారు. దిగగానే హెడ్‌మాస్టరుగారు అటెండరుని కౌగిలించుకున్నారు. తర్వాత పాటల పోటీలో చీరాల అమ్మాయి గెలవడం. నవంబరులో క్రికెట్ ఫైనల్లో మనం ఓడిపోవడం. ఆ రాత్రి వీధిలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు.

అయిదోది ఈ తుఫాను. కానీ ఏమని రాయాలి?

మొన్న క్లాసులో రోహిత్ అన్న మాట గుర్తొచ్చింది. "మీ నాన్న చానెల్లో ఏముంటాయే? పుట్టినరోజులు, తప్పిపోయిన గేదెలు! నిజం న్యూసంతా పెద్ద చానెళ్ళలోనే ముందొస్తుంది."

అందరూ నవ్వారు. శ్రీనిధి చెవులు ఎర్రబడ్డాయి.

అప్పుడే ఫోన్ మోగింది.

"అమ్మాయ్, నేను పాల యేసుదాసుని. నాన్న ఉన్నాడా?" అవతల గాలి హోరుమంటోంది. "డ్రెయిన్‌లో నీళ్ళు బాగా పెరిగినాయంట. ఇట్టాగే ఉంటే కట్ట ఆగుద్దో లేదో అంటున్నారు. నేను చూళ్ళేదమ్మా. నాన్న రాగానే ఒకసారి కనుక్కోమని చెప్పు."

ఫోన్ కట్ అయింది.

శ్రీనిధికి భయం వేసింది. భయంతో పాటు ఇంకేదో కూడా కలిగింది. ఈ కబురు ఇంకా ఏ చానెల్లోనూ రాలేదు!

కంప్యూటర్ ముందు కూర్చుంది. వేళ్ళు వాటంతట అవే కదిలాయి.

'ఫ్లాష్ న్యూస్: డ్రెయిన్ కట్టకు గండి. ఊళ్ళోకి వరద నీరు. ప్రజలు వెంటనే సురక్షిత ప్రాంతాలకు వెళ్ళాలి. మొట్టమొదట మీ చానెల్లోనే.'

ఎరుపు రంగు పెట్టింది. ఎంటర్ నొక్కింది.

తెర మీద ఎర్రటి అక్షరాలు కదిలాయి. అచ్చం పెద్ద చానెల్లో లాగే ఉంది. రోహిత్ చూస్తూ ఉంటాడు, అనుకుంది.

అయిదు నిమిషాలైనా కాలేదు. ఠక్కున కరెంటు పోయింది.

కంట్రోల్ రూమ్‌లో యూపీఎస్ బీప్, బీప్ అంటోంది. కంప్యూటర్ ఒక్కటే వెలుగుతోంది. చీకటి పడ్డ గదిలో ఎర్ర అక్షరాలు ఇంకా పరుగెడుతున్నాయి. 'కట్టకు గండి... కట్టకు గండి...'

అప్పుడు తట్టింది శ్రీనిధికి. గండి పడిందని యేసుదాసు అనలేదు. తను చూడలేదని కూడా చెప్పాడు.

గబగబా ఆ లైను తీసేసింది. 'పై వార్త నిజం కాదు' అని టైపు చేసింది. కానీ ఎవరు చూస్తారు? ఏ ఇంట్లోనూ టీవీ వెలగడం లేదు. అందరూ చివరిగా చూసింది గండి వార్తే.

బీప్ ఆగిపోయింది. కంప్యూటర్ కూడా ఆరిపోయింది.

నాన్నకి ఫోన్ చేసింది. కలవలేదు. మళ్ళీ చేసింది. సిగ్నల్ లేదు.

బయట ఎవరో అరిచారు. శ్రీనిధి కిటికీ సందులోంచి చూసింది. వానలో జనం వెళ్తున్నారు. ఒకామె నెత్తిన మూట పెట్టుకుంది. ఒకాయన ఇద్దరు పిల్లల్ని చెరో చంకన వేసుకున్నాడు. అందరూ హైస్కూలు వైపు పరుగులాంటి నడక నడుస్తున్నారు. గాలికి ఒకాయన గొడుగు తిరగబడి ఎగిరిపోయింది. ఆయన వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

ఎవరికీ చెప్పకపోతే? ఎవరు వేశారో ఎవరికి తెలుస్తుంది?

అమ్మ తలుపు తీసి కేక వేసింది. "ఏంటండీ, ఎక్కడికి?"

"అదేంటమ్మా! మీ చానెల్లోనే వచ్చింది కదా, కట్ట తెగిందని! మీరింకా ఇంట్లోనే ఉన్నారేంటి?"

అమ్మ ముఖం తెల్లబోయింది. తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"కట్ట తెగిందా? నాన్న ఆ వైపే వెళ్ళాడే!"

అమ్మ లోపలికి పరుగెత్తింది. స్టవ్ ఆపింది. బీరువా తీసింది, మూసింది. ఏం తీసుకోవాలో తెలియక ఒక దుప్పటి పట్టుకుని గది మధ్యలో నిలబడింది. అమ్మ భయపడటం శ్రీనిధి ఎప్పుడూ చూడలేదు. బయట తుఫాను కంటే అదే ఎక్కువ భయంగా ఉంది.

"అమ్మా..." అంది శ్రీనిధి. "అమ్మా, కట్ట తెగిందో లేదో తెలీదు. అది నాన్న వేయలేదు. నేనే వేశాను."

జరిగిందంతా చెప్పింది. చెబుతూ కళ్ళు మూసుకుంది. చెంప మీద దెబ్బ పడుతుందనుకుంది.

పడలేదు. దుప్పటి కింద పడిన చప్పుడు మాత్రం వినిపించింది.

"సాంబశివరావు బాబాయిగారు!" అంది అమ్మ. "వాళ్ళ ఇల్లు ఈ వీధి చివరే కదా. ఆయన నడవలేరు. ఇంట్లో ఉన్నది ఆయన, పిన్నిగారు, ఇద్దరే. అది చూసి బయల్దేరి ఉంటే? పద!"

అమ్మ గోనెసంచిని మడిచి శ్రీనిధి తలకి కప్పింది. తనూ ఒకటి కప్పుకుంది. బయటికి రాగానే గాలి ఇద్దరినీ వెనక్కి నెట్టింది. వాన చినుకులు గులకరాళ్ళలా ముఖాన తగులుతున్నాయి. అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని, గోడ పక్కనే నడిచింది శ్రీనిధి. ఎక్కడో రేకు ఎగిరి పడిన చప్పుడైంది.

ఎక్కువ దూరం వెళ్ళక్కర్లేకపోయింది. వీధి సగంలో, మోకాళ్ళ కింది దాకా ఉన్న వాన నీళ్ళలో ఒక చక్రాల కుర్చీ ఒరిగి ఉంది. ఒక చక్రం పక్క కాలువలో దిగిపోయింది. కుర్చీలో సాంబశివరావు తాతయ్య. ఆయన మీద ఎరువుల బస్తా పట్టా కప్పి ఉంది. సుబ్బరత్నమ్మ మామ్మ రెండు చేతులతో కుర్చీని పట్టుకుని, పడిపోకుండా ఆపుతోంది.

"జయా! వచ్చావా తల్లీ!" అంది మామ్మ. "వదిలితే పడిపోతాడే! ఎంతసేపటి నుంచి అరుస్తున్నానో! ఎవరికీ వినపడలేదు!"

అమ్మ ఒక పక్క, మామ్మ ఒక పక్క పట్టారు. శ్రీనిధి కాలువలోకి దిగి చక్రాన్ని కింద నుంచి పైకి నెట్టింది. ఒకసారి జారింది. మోచెయ్యి గీరుకుంది. రెండోసారి చక్రం పైకి వచ్చింది.

"హైస్కూలుకి పదండి," అన్నాడు తాతయ్య. చలికి ఆయన పళ్ళు టకటకలాడుతున్నాయి. "వినోద్ వేశాడంటే నిజమే అయ్యుంటుంది. చావు కబురైనా సరే, ఆ ఇంటికి వెళ్ళి కనుక్కుని గానీ వేయడు."

ఆ మాట వినగానే శ్రీనిధికి ఏడుపు ఆగలేదు.

"తాతయ్యా, నాన్న వేయలేదండి. నేను వేశాను. ఎవరూ చూసి చెప్పలేదు. నేనే గండి పడిందని రాశాను."



"ఓసి పిచ్చిదానా!" అంది మామ్మ. "కుర్చీ ఒరిగినప్పుడు నా ప్రాణం పోయిందే! ఆయనకేమన్నా అయితే నేనేం కావాలి?" ఆమెకి ఇంకా కోపంగా ఉంది. కానీ శ్రీనిధి మోచేతి మీద నెత్తురు చూసి, తడిసిన పైటచెంగుతోనే అద్దింది.

తాతయ్యని శ్రీనిధి వాళ్ళింటికే తీసుకొచ్చారు. అమ్మ ఆయన తల తుడిచి, పొడి దుప్పటి కప్పి, వేడిపాలు ఇచ్చింది. కాసేపటికి ఆయన పళ్ళ చప్పుడు తగ్గింది.

అంతలో నాన్న వచ్చాడు. బట్టల నుంచి నీళ్ళు కారుతున్నాయి. అమ్మ ఆయన్ని చూసి కుర్చీలో కూలబడిపోయింది. దారిలో జనం నాన్నకి అన్నీ చెప్పేసినట్టున్నారు. ఆయన కంప్యూటర్ వంక చూశాడు. తర్వాత శ్రీనిధి వంక చూశాడు.

"నువ్వేనా?"

శ్రీనిధి తలూపింది.

నాన్న తడిసిన చొక్కా అంచు పిండుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"నేను వైరు దగ్గరే ఉండిపోయాను. కట్ట ఎలా ఉందో నాకూ తెలీదు," అన్నాడు చివరికి. "ముందు హైస్కూల్లో ఉన్నవాళ్ళకి నిజం చెప్పాలి. నేను చెప్పొస్తాలే. చానెల్ నాది కదా."

"వద్దు నాన్నా," అంది శ్రీనిధి. "వేసింది నేను. నేనే చెప్తాను."

హైస్కూలు పక్క వీధిలోనే. నాన్న చెయ్యి పట్టుకుని గోడల పక్కగా వెళ్ళింది.

వరండాలో నలభై మంది దాకా ఉన్నారు. తడి బట్టలు, మూటలు, ఏడుస్తున్న పిల్లలు. లిడియా మేడమ్ చాపలు పరిపిస్తున్నారు. రోహిత్ కూడా వాళ్ళ అమ్మ పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. ఒకామె స్తంభానికి ఆనుకుని, "ఇల్లు మునిగిపోయుంటుంది. మేకపిల్లని కట్టేసి వచ్చాను," అని ఏడుస్తోంది.

శ్రీనిధి అందరి ముందు నిలబడింది. మేడమ్ వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. భుజం మీద చెయ్యి వేశారు, అంతే.

"నేను శ్రీనిధినండి. కేబుల్ వినోద్ కుమార్ గారి అమ్మాయిని. గండి పడిందని టీవీలో వేసింది నేనే. గండి పడినట్టు ఎవరూ చూడలేదు. అందరికంటే ముందు వేయాలని వేసేశాను. తప్పయిపోయిందండి."

గోల మొదలైంది.

"ఎంత పని చేశావే!"

"పసిపిల్లల్ని వానలో ఈడ్చుకొచ్చాం కదే!"

శ్రీనిధి కదల్లేదు. తల దించుకుని అన్నీ వింది. రోహిత్ నవ్వుతాడనుకుంది. వాడు నవ్వలేదు.

మేకపిల్లని తలచుకుని ఏడ్చినామె ముందుకు వచ్చి శ్రీనిధి చెయ్యి పట్టుకుంది. "పోనీలే అమ్మా. కట్ట బాగానే ఉంది కదా? ఇంటికెళ్ళొచ్చా?"

బాగానే ఉందని చెప్పాలనిపించింది శ్రీనిధికి. ఆ ఒక్క మాట అంటే ఆమె ఏడుపు ఆగుతుంది. అందరి కోపమూ తగ్గుతుంది.

"నాకు తెలీదండి," అంది. "తెగిందో లేదో నేను చూళ్ళేదు."

నాన్న శ్రీనిధిని ఒకసారి చూశాడు. "నేను వెళ్ళి చూసొస్తా. మీరంతా ఇక్కడే ఉండండి," అన్నాడు. అక్కడే ఉన్న యేసుదాసు, ఇంకో ఇద్దరు ఆయన వెంట వానలోకి దిగారు.

గాలి ఇంకా పెరిగింది. స్కూలు తలుపులు ఊగిపోతున్నాయి. శ్రీనిధి వరండా చివర నిలబడి గేటు వైపే చూస్తోంది. నాన్న వెళ్ళిన చోట వాన తప్ప ఏమీ కనిపించడం లేదు. ఒక్కొక్కరే వచ్చి అడుగుతున్నారు.

"ఏమన్నా తెలిసిందా?"

"ఇంకా లేదండి."

ఒక చిన్న పిల్లాడు ఆమె గౌను లాగాడు. "అక్కా, నీళ్ళొచ్చేత్తాయా?"

"తెలీదురా. మా నాన్న చూడ్డానికి వెళ్ళాడు. నాకూ భయంగానే ఉంది. ఇక్కడ నిలబడతావా?"

వాడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ అలాగే నిలబడ్డారు. చాలాసేపు నిలబడ్డారు.

చివరికి వానలో నాలుగు ఆకారాలు కనిపించాయి. ముందున్నది నాన్నే. చెయ్యి పైకెత్తి ఊపుతున్నాడు. ఏదో అరుస్తున్నాడు కానీ గాలికి ఒక్క మాటా వినపడటం లేదు.

జనమంతా శ్రీనిధి వెనక్కి చేరారు. "ఏంటంట? ఏమంటున్నాడు? కట్ట ఉందంటనా?"

శ్రీనిధికి నాన్న నవ్వుతున్నట్టే అనిపించింది. గుండె ఎగిరింది. 'కట్ట బాగానే ఉంది' అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"ఆగండి," అంది. "నాన్నని దగ్గరికి రానివ్వండి."