మేడమీద గది

తెల్లారేసరికి ఇల్లంతా దగ్గులు. ట్రాక్టరు మీంచి మిరపకాయలు కుక్కిన బస్తాలు, టిక్కీలు దిగి, ఒక్కొక్కటే మేడమీదికి ఎక్కుతున్నాయి. కోల్డ్ స్టోరేజీల్లో చోటు లేదు, ధర పడిపోయింది. అందుకని ఇంటాయన త్రినాథ్‌కి మేడమీద గది గుర్తొచ్చింది. అందులో రిహానా అద్దెకుంటోందన్న సంగతి మాత్రం గుర్తు రాలేదు మహానుభావుడికి!

రిహానా పొదిలి ప్రభుత్వాసుపత్రిలో స్పీచ్ థెరపిస్టు. ఆమెకి ముందు వచ్చిన ఇద్దరూ, ఒంటరి ఆడపిల్లకి ఎవరూ ఇల్లివ్వక, విసిగి వెళ్లిపోయారు. ఈమె నిలబడింది. త్రినాథ్ తండ్రి బుల్లయ్యకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. రిహానా రోజూ సాయంత్రం ఆయన ఎదురుగా కూర్చుని "అమ్మ" అనిపించాలని చూసేది. ఆయన నోట గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు.

ఇప్పుడామె సూట్‌కేసు వరండాలో ఉంది.

"ధర పెరగ్గానే గది ఖాళీ చేయిస్తా మేడం. అందాకా ఎక్కడన్నా సర్దుకోండి," అన్నాడు త్రినాథ్.

చెల్లెలు తేజశ్రీ వంటింట్లోంచి దూసుకొచ్చింది. "సిగ్గులేదా అన్నయ్యా? మన ఆసుపత్రికి ఎవర్నీ పంపట్లేదని టీకొట్టు దగ్గర అరిచేదీ నువ్వే, వచ్చినామెని వీధిలోకి నెట్టేదీ నువ్వేనా?"

"నోర్ముయ్! ఇన్నాళ్లు చెప్పిందిగా, నాన్నకి ఒక్క ముక్కన్నా వచ్చిందా?"

రిహానా మొహం ఎర్రబడింది. "రాలేదండీ, నిజమే. కానీ మీరంతా ఈ ఊళ్లోనే ఉండమంటారు. ఎక్కడుండాలో ఒక్కరూ చెప్పరు! తెలిసిన ఇళ్లన్నీ అడిగాను. ఇంక నావల్ల కాదు. గుంటూరు పోతున్నాను."

సూట్‌కేసు ఎత్తింది. ముఠా కూలీ ఖాజావలి ఇంకో టిక్కీతో మెట్టెక్కబోయాడు. కర్ర ఈడ్చుకుంటూ బుల్లయ్య వచ్చి మెట్లకి అడ్డంగా నిలబడ్డాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"ది... ది... దింపరా!"

ఖాజావలి టిక్కీని అక్కడికక్కడే కింద పడేశాడు. ఒకప్పుడు మిర్చి యార్డులో బుల్లయ్య అజమాయిషీ కింద ఆ గొంతు విని ఎన్ని బస్తాలు దింపాడో మరి!

"నాన్నా!" త్రినాథ్ పరుగున వచ్చి తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. "మళ్లీ అను నాన్నా."

"దింపరా... ఎదవా!"

తేజశ్రీ బావురుమంది. త్రినాథ్ ఏడుస్తూనే పైకెళ్లి, మొదటి టిక్కీని తనే భుజానికెత్తుకుని దిగాడు. "తప్పయిపోయిందమ్మా, వెళ్లకండి," అన్నాడు తలెత్తకుండా.

రిహానా కోపం ఇంకా తగ్గలేదు. "ముందు గది కడిగించండి. ఘాటు పోయాక మాట్లాడదాం," అంది. సూట్‌కేసు కింద పెట్టి బుల్లయ్య ఎదురుగా మెట్టుమీద కూర్చుంది. "ఏదీ బాబాయిగారూ, ఇంకోసారి."

ఆఖరి టిక్కీ కిందికి దిగేదాకా బుల్లయ్య ఆ మాట అంటూనే ఉన్నాడు.