సాయంత్రం ఐదింటి ప్రశ్న

మతిమరుపు ముదిరిన తల్లిని ఉదయం తొమ్మిదింటికి పెద్దల డే కేర్‌లో దిగబెట్టి, సాయంత్రం ఐదింటిదాకా గుమ్మం బయటి బెంచీ మీదే కాపలా కాసే కొడుకుని ఏమనాలి? పుస్తకాలు బైండింగ్ చేసే ఆ యువకుడు తాను బాధ్యత గలవాడిననుకున్నాడు. తండ్రిని అక్కడికే తీసుకొచ్చే టైలరమ్మాయికి మాత్రం మరో అనుమానం కలిగింది.

"ఏమండీ, మిమ్మల్నీ ఇక్కడ చేర్పించారా?" అంది మూడో వారం.

అతనికి ఒళ్లు మండింది. "మా అమ్మ పిలిస్తే?"

"లోపల నర్సుందిగా. పలుకుతుంది."

ఆరోజే నర్సు, పెద్దవాళ్లను చూసుకునే ఇంటివాళ్ల ఆరోగ్యం కోసమంటూ తలా ఒక ఫారం పంచింది. అతను చకచకా నింపేశాడు. పక్కన కూర్చున్న టైలరమ్మాయి తొంగిచూసింది.

"పది గంటల నిద్ర. తీరికవేళ ఊలు అల్లడం... మీరు ఊలు కూడా అల్లుతారా?"

"అది అమ్మ."

"ఫారం మీ గురించండీ మహానుభావా!"

నిజమే. పద్దెనిమిది ప్రశ్నలకూ తల్లి తరఫునే జవాబిచ్చాడు. కొట్టేసి మళ్లీ రాద్దామంటే, తాను చివరిసారి కంటినిండా ఎప్పుడు నిద్రపోయాడో ఎంత తడుముకున్నా తట్టలేదు. నర్సు అతని చేతికి చుట్టిన బీపీ యంత్రానికి మాత్రం ఏ తడబాటూ లేదు: నూట అరవై, నూట నాలుగు.

"మీరు పడిపోతే ఆవిణ్ణెవరు చూస్తారు?" అంది నర్సు.

ఆ ఇంట్లో ఉన్నదే ఇద్దరు.

టైలరమ్మాయి గొంతులో ఎగతాళి తగ్గింది. "నేనూ రెండు నెలలు ఈ బెంచీని అరగదీశాను. ఓరోజు మెట్ల మీద కళ్లు తిరిగి పడ్డాను. నేను కోలుకునేదాకా నాన్న బెంగతో ముద్ద ముట్టలేదు. ముందు డాక్టరుకి చూపించుకోండి. ఆపైన, పదింటికి నేను నడుస్తాను. వస్తారా?"

మొదటిరోజు నూరడుగులు వేసి డెబ్బైసార్లు వెనక్కి చూశాడు. రెండో వారానికి పక్కకు చూడడం ఎక్కువైంది. గంట నడక, తర్వాత ఎవరి పనికి వారు. అటకెక్కిన అట్టలూ జిగురుడబ్బాలూ దిగాయి. బీపీ కూడా దిగింది. అది మాత్రల మహిమా, నిద్ర మహిమా, ఆమె మహిమా అన్నది తేల్చడానికి ఆధారాలు చాలవు.

ఐదింటికి ఇద్దరూ కలిసే లోపలికి వెళ్లేవారు. తల్లి రోజూ కొత్తగా అడిగేది: "ఈ అమ్మాయెవరు నాయనా?"

"తెలిసినావిడమ్మా" అనేవాడు. నెల తిరిగేసరికి అది "స్నేహితురాలమ్మా" అయింది.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ఒకే గొడుగు కింద చెరో భుజమూ తడుపుకుని వచ్చారు.

"ఈ అమ్మాయెవరు నాయనా?"

అతను గొడుగు ముడిచాడు. "నేను పెళ్లి చేసుకోవాలనుకుంటున్న అమ్మాయి."

తల్లి కళ్లజోడు సర్దుకుంది. "మరి ఆ పిల్లని అడిగావా?"

"ధైర్యం చాల్లేదమ్మా."

టైలరమ్మాయి తన తండ్రి భుజాల మీద శాలువా సర్దుతూ, అతనివైపు తిరగకుండానే అంది:

"రేపూ అడుగుతారు అత్తయ్య. మాట మార్చకండి."