గుండు ఊపిరి

"ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారండీ?" అంది పశువుల డాక్టరమ్మ, స్టెతస్కోపు చెవుల్లోంచి తీయకుండానే.

కుక్కని తీసుకొచ్చిన ఈత కోచ్‌కి ఒళ్లు మండింది. వేరే డాక్టరు న్యుమోనియా అంటే నమ్మి, పూటపూటకీ మందు మింగించాడు. అతని నాయనమ్మ గారాబంగా పెంచుకున్న పగ్ కుక్క గుండు, ఇప్పుడు బల్లమీద మెడ చాచి ఊపిరి కోసం కొట్టుకుంటోంది.

"మందులేశాను. చోద్యం చూస్తూ కూర్చోలేదు."

"నేను మిమ్మల్ననలేదు."

"మరి ఈ గదిలో ఇంకెవరున్నారు?"

"నేనున్నానుగా," అంది మూలన కూర్చున్న నాయనమ్మ. "పోట్లాట తర్వాత. ముందు దాని సంగతి చూడమ్మా."

ఎక్స్‌రేలో ఛాతీ నిండా నీరు కనిపించింది. డాక్టరమ్మ సూదితో ఆ నీరు లాగేసరికి గుండు కాస్త తెరిపిన పడింది. తర్వాత స్కానింగ్ తీసి, తెరమీద వేలు పెట్టి చూపించింది.

"ఎడమ ఊపిరితిత్తి ముందు భాగం మెలి తిరిగిపోయింది. లోపలికెళ్లిన రక్తం బయటికి రావట్లేదు. చూడ్డానికి న్యుమోనియాలాగే ఉంటుంది, మందులకి మాత్రం లొంగదు. ఆ భాగం తీసేయాలి."

"మెలి విప్పేస్తే సరిపోదా?"

"విప్పితే అందులో చేరిన విషం ఒళ్లంతా పాకుతుంది. మెలి అలాగే ఉంచి కోసేయాలి."

"ఇదివరకు చేశారా మీరు?"

ఆమె తెరమీంచి వేలు తీసింది. "పక్కనుండి సాయం చేశాను. సొంతంగా ఇదే మొదలు. పెద్దాసుపత్రికి పంపమంటే పంపుతాను. కానీ అంత ప్రయాణం తట్టుకుంటుందని నాకు నమ్మకం లేదు."

అతను గుండుని చూశాడు, ఆమెను చూశాడు. "మొదటిసారన్న సంగతి దాచుంటే వెళ్లిపోయేవాణ్ణి. మీరే చేయండి."

ఆపరేషన్ గది తలుపు మూసుకుంది. ఇక అతనికి కాలు నిలిస్తే ఒట్టు. కిటికీ దాకా వెళ్తాడు, తలుపుకి చెవి ఆనిస్తాడు, మళ్లీ కిటికీ.

"కాలుగాలిన పిల్లిలా తిరక్కురా. నా కళ్లు తిరుగుతున్నాయి," అంది నాయనమ్మ. చెప్పిందే గానీ, ఆవిడ చీర కొంగు నలిగి ముద్దయిపోయింది.

ఎట్టకేలకు డాక్టరమ్మ బయటికొచ్చింది. "గట్టెక్కింది. మిగతా నీరు బయటికి రావడానికి ఛాతీలో గొట్టం పెట్టాను." అలా అంటూనే బెంచీ మీద కూలబడింది. చేతులు వణుకుతున్నాయి.

అతను మంచినీళ్ల సీసా మూత తీసి అందించాడు. "ఇప్పుడు వణుకుతున్నారేం?"

"అప్పుడు తీరిక లేదు."

అతని మనసు ఆ మాట దగ్గరే చిక్కుకుపోయింది.

గొట్టం తీశారు, కుట్లు విప్పారు, గుండు గిన్నె నాకి నాకి మెరిపిస్తోంది. అయినా అతను దాన్ని చంకనేసుకుని వస్తూనే ఉన్నాడు.

"ఇవాళేమైంది?"

"తుమ్మిందండీ."

"నిన్న?"

"నిన్న తుమ్మలేదు. అదే నా అనుమానం."

ఆమె నవ్వు బిగపట్టి గుండు ఛాతీకి స్టెతస్కోపు ఆనించి వింది. "దీనికి ఏ జబ్బూ లేదు. ఇక తీసుకురాకండి."

అతను గుమ్మందాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "దీన్ని తీసుకురాను. నేను రావచ్చా? మిమ్మల్ని చూడకపోతే నాకేమీ తోచట్లేదు."

బయట వాన జోరందుకుంది. ఆమె స్టెతస్కోపు తీసి, చుట్టి, మళ్లీ విప్పింది.

"ఈ మాటేదో ముందే చెప్పొచ్చుగా! రోజూ గుమ్మంకేసి చూడలేక చస్తున్నాను."

ఇంతలో గుమ్మం ముందు ఆపిన అతని కారు హారన్ మోగింది. అందులో కూర్చున్న నాయనమ్మ కిటికీ అద్దం దించి, వాన చప్పుడు మీదుగా కేకేసింది.

"అమ్మాయీ, డ్యూటీ అయిపోతే నువ్వూ ఎక్కు! ముందు సీట్లో వాడి పక్కన కూర్చో. గుండుని నేను ఒళ్లో పెట్టుకుంటాలే!"